గాలికీ కొలత ఉంది

భావనపాడు సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో ఉంది. మగవాళ్ళు వేటకు వెళ్తారు. ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు. మిగిలిన చేపలకు ఉప్పు పట్టించి ఇసుక మీద ఎండబెడతారు. ఉప్పుకు దూరం పోనక్కరలేదు. దగ్గరలోనే నౌపడ ఉప్పు మడులున్నాయి.

ఎండు చేపల గంపతో బస్సెక్కితే ఏమవుతుంది? పక్కనున్నవాళ్ళు ముక్కు మూసుకుంటారు. గంప తెచ్చిన ఆమెకు మాత్రం ఆ వాసన తెలియనే తెలియదు. ఎందుకని? రోజూ పీల్చే వాసనకు ముక్కు అలవాటు పడిపోతుంది.

ఈ మాట గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

ఉప్పు వేయని చేప ఏమవుతుంది? కుళ్ళుతుంది. పశువు తోలు కూడా అంతే. ఒలిచిన కొద్ది గంటల్లోనే కుళ్ళడం మొదలవుతుంది. అందుకే తోలుకు కూడా ఉప్పు పట్టిస్తారు. ఉప్పు తోళ్ళు లారీల్లో తోళ్ళ ఫ్యాక్టరీకి చేరతాయి. అక్కడ అవి మెత్తని తోలుగా మారతాయి. చెప్పులు, సంచులు, బెల్టులు అవుతాయి.

ఆ ఫ్యాక్టరీ నుంచి గాలిలోకి ఏమేమి వస్తాయి? వాటిని ఎలా కొలుస్తారు? ఆ కొలత గురించి ఊరి ఆడవాళ్ళు ఏం అడగవచ్చు? ఈ పాఠంలో తెలుసుకుందాం.

మన ఊళ్ళో లేదు కదా!

"మనూర్లో తోళ్ళ ఫ్యాక్టరీ లేదు కదా, మనకెందుకీ గొడవ?" అని ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే.

భావనపాడులో తోళ్ళ ఫ్యాక్టరీ లేదు. కానీ ఈ తీరానికి రేవు వస్తోంది. మొదట భావనపాడు పోర్టు అన్నారు. తరువాత మూలపేట పోర్టు అని పేరు మారింది. 2023 ఏప్రిల్ 19న దానికి శంకుస్థాపన జరిగింది. పెద్ద రేవు వచ్చిన చోటుకు ఫ్యాక్టరీలు కూడా వస్తాయి. ఏ ఫ్యాక్టరీ వస్తుందో ముందే చెప్పలేం.

దక్షిణాన ఇలాంటి తీరంలోనే కృష్ణపట్నం రేవు ఉంది. ఆ వైపు కోట మండలం కొత్తపట్నం దగ్గర తోళ్ళ పార్కు పెట్టాలని ప్రతిపాదన వచ్చింది. అప్పుడు ఆ మండలం నెల్లూరు జిల్లాలో ఉండేది. అదీ సముద్రపు ఒడ్డే.

ఇంకో సంగతి. ఈ జిల్లా నుంచి ఎంతోమంది పనికోసం చెన్నై వైపు వలస పోతారు. వెళ్ళిన చోట ఏ ఫ్యాక్టరీ పక్కన గుడిసె దొరుకుతుందో తెలియదు.

తోళ్ళ ఫ్యాక్టరీ అయినా, రసాయనాల ఫ్యాక్టరీ అయినా గాలిని కొలిచే పద్ధతి ఇంచుమించు ఒకటే. ఒకటి నేర్చుకుంటే అన్నింటికీ పనికి వస్తుంది.

తోలు ఎలా తయారవుతుంది?

వెనకటి రోజుల్లో తోళ్ళను లందల్లో ఊనేవారు. లంద అంటే తోళ్ళు నానబెట్టే తొట్టి. సున్నం నీళ్ళలో నానబెడితే వెంట్రుకలు ఊడేవి. తరువాత తంగేడు చెక్క, కరక్కాయ వేసిన నీళ్ళలో ఊరబెట్టేవారు. అందుకు వారాలు, నెలలు పట్టేది.

లందల్ని ఊరి బయట పెట్టించారు. ఆ పని చేసేవాళ్ళనూ ఊరి బయటే ఉంచారు. వాళ్ళు కుట్టిన చెప్పులు మాత్రం అందరూ తొడుక్కున్నారు. కంపు పేరు చెప్పి మనుషుల్ని దూరం పెట్టడం అన్యాయం. తప్పు పనిచేసే మనిషిది కాదు. కొలవవలసింది కంపును. మనుషుల్ని కాదు.

ఇప్పటి ఫ్యాక్టరీల్లో రసాయనాలు వాడతారు. పని వరుస ఇలా ఉంటుంది.

మొదట ఉప్పు తోళ్ళను నీళ్ళలో కడుగుతారు. ఉప్పు, నెత్తురు, మురికి పోతాయి.

రెండోది, సున్నంతో పాటు సోడియం సల్ఫైడ్ అనే మందు వేస్తారు. దానితో వెంట్రుకలు త్వరగా ఊడిపోతాయి.

మూడోది, తోలులో మిగిలిన సున్నాన్ని తీసేస్తారు. దీనికి అమ్మోనియం ఉప్పులు వాడతారు.

నాలుగోది, తోలును యాసిడ్, ఉప్పు కలిపిన నీళ్ళలో ఉంచుతారు. ఆ తరువాత క్రోమియం ఉప్పు వేసి ఊనుతారు. దీనితో తోలు కుళ్ళకుండా గట్టిపడుతుంది.

చివరకు ఆరబెడతారు. గరుకు చక్రాలతో రుద్ది నున్నగా చేస్తారు. రంగు చల్లుతారు. నిగనిగలాడే పూత వేస్తారు.

ఇన్ని పనులకు నీళ్ళు చాలా కావాలి. ఒక కిలో తోలుకు 30 నుంచి 40 లీటర్ల నీళ్ళు ఖర్చవుతాయి. అంటే రెండు, మూడు బిందెలు.

గాలిలోకి ఏమి వస్తాయి?

ఒక్కో పని నుంచి ఒక్కో రకం చెడుగాలి వస్తుంది.

సల్ఫైడ్ నీళ్ళూ యాసిడ్ నీళ్ళూ ఒకే కాలవలో కలిశాయనుకోండి. వెంటనే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాసు పుడుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. మురుగు ఎక్కువ రోజులు నిలవ ఉన్నా ఈ గ్యాసే వస్తుంది. కొద్దిగా ఉంటే కళ్ళు మండుతాయి. తల నొప్పెడుతుంది. కడుపులో తిప్పుతుంది.

సున్నం తీసే చోట అమ్మోనియా వస్తుంది. ఇది ముక్కుపుటాలు అదిరే ఘాటు. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. గొంతు మండి దగ్గు వస్తుంది.

తోలు రుద్దే చోట సన్నని దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ములో క్రోమియం కూడా ఉంటుంది. క్రోమియం రెండు రూపాల్లో ఉంటుంది. తోలు ఊనడానికి వాడే రూపం కొంత నయం. రెండో రూపం చాలా చెడ్డది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల కాన్సరు రావచ్చు. మొదటి రూపం కొన్నిసార్లు రెండో రూపంగా మారుతుంది. అందుకే దుమ్మును తేలికగా తీసుకోకూడదు.

రంగులు, పూతలు వేసే చోట పెయింటు వాసన వస్తుంది. బాయిలరు గొట్టం నుంచి పొగ వస్తుంది.

ముక్కును మోసం చేసే గ్యాసు

ఇప్పుడు ఎండు చేపల గంప సంగతి గుర్తు చేసుకోండి.

హైడ్రోజన్ సల్ఫైడ్ చాలా తక్కువగా ఉన్నా ముక్కు పసిగడుతుంది. కానీ ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసనే తెలియదు. అక్కడ ఉన్న మనిషి "కంపు పోయింది" అనుకుంటాడు. నిజానికి ప్రమాదం పెరిగింది!

ఎంత ఉంటే ఎక్కువ? ఒక లెక్క చూద్దాం. పది లక్షల చెంబుల గాలి ఉందనుకోండి. అందులో 10 చెంబులు ఈ గ్యాసు ఉంటే, దాన్ని "పది లక్షలకు 10 పాళ్ళు" అంటారు. ఫ్యాక్టరీ లోపల రోజుకు 8 గంటలు పనిచేసేవాళ్ళకు చట్టం పెట్టిన హద్దు ఇదే. 100 పాళ్ళు దాటితే ముక్కు పనిచేయదు. ఇంకా బాగా పెరిగితే మనిషి నిలబడ్డ చోటే కూలిపోతాడు.

ఈ గ్యాసు గాలికంటే బరువు. అందుకే గుంటల్లో, తొట్లలో, మురుగు గోతుల్లో అడుగున చేరుతుంది. పైన నిలబడిన వాళ్ళకు తెలియదు. లోపలికి దిగినవాళ్ళు పైకి రారు.

కోల్‌కతా దగ్గర బంతల అనే చోట పెద్ద తోళ్ళ ఫ్యాక్టరీల పేట ఉంది. 2025 ఫిబ్రవరి 2న అక్కడ మురుగు గోతిని శుభ్రం చేయడానికి కూలీలు దిగారు. ముగ్గురు చనిపోయారు.

ఇలాంటి చోట ఒకరు పడిపోతే, కాపాడాలని ఇంకొకరు దిగుతారు. వాళ్ళూ పడిపోతారు. అందుకే ఒక మాట ఇంట్లో మగవాళ్ళకు గట్టిగా చెప్పండి. గాలి కొలవకుండా మురుగు గోతిలోకి దిగకూడదు. ఒకరు పడిపోతే ఉత్తినే దూకకూడదు. గాలి గొట్టం, తాడు ఉన్నవాళ్ళను పిలవాలి.

ముక్కు మంచి నేస్తమే. కానీ ముక్కును ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. కొలత కావాలి.

వెండి పట్టీలు ఏం చెబుతాయి?

"అత్తా, నా పట్టీలు ఇలగ నల్లబడిపోనాయేటి?"

"ఏటవుద్దే, సింతపండెట్టి తోము. తెల్లగా అయిపోతాయి."

ఏ ఇంట్లోనైనా వినిపించే మాట ఇది. వెండి ఎందుకు నల్లబడుతుంది? గంధకం కలిసిన గ్యాసు వెండిని తాకితే నల్లని పొర కడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ అలాంటిదే. ఒంటి చెమట వల్ల కూడా వెండి నల్లబడుతుంది. అందువల్ల పట్టీలు నల్లబడితే ఫ్యాక్టరీదే తప్పు అనలేం. కానీ పెట్టెలో దాచిన వెండి కూడా ఊరంతా త్వరత్వరగా నల్లబడుతుంటే అది ఒక గుర్తు. ఏదో ఉందని చెబుతుంది. ఎంత ఉందో చెప్పలేదు. ఎంత ఉందో చెప్పేది కొలత పెట్టె.

గాలిని ఎలా కొలుస్తారు?

బియ్యాన్ని తవ్వతో కొలుస్తాం. పాలను లీటరుతో కొలుస్తాం. మరి కంటికి కనపడని గాలిని?

దుమ్మును కొలవడానికి ఒక పెట్టె ఉంటుంది. అందులో మోటారు ఉంటుంది. అది గాలిని లోపలికి లాగుతుంది. దారిలో ఒక తెల్ల కాగితం ఉంటుంది. అది టీ వడగట్టే జల్లెడ లాంటిది. దుమ్ము కాగితం మీద ఆగిపోతుంది. గాలి బయటికి పోతుంది. కాగితాన్ని పెట్టక ముందు ఒకసారి తూస్తారు. 24 గంటల తరువాత మళ్ళీ తూస్తారు. పెరిగిన బరువే దుమ్ము బరువు.

ఒక లెక్క చేద్దాం. పెట్టె నిమిషానికి 1 ఘనపు మీటరు గాలిని లాగిందనుకోండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న పెట్టెలో పట్టేంత గాలి అది. రోజుకు 1440 నిమిషాలు. అంటే 1440 ఘనపు మీటర్ల గాలి. కాగితం బరువు 144 మిల్లీగ్రాములు పెరిగింది. అప్పుడు ఒక్కో ఘనపు మీటరులో 100 మైక్రోగ్రాముల దుమ్ము ఉన్నట్టు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు.

ఎంత ఉండవచ్చు? ఊపిరితో లోపలికి పోయే దుమ్ము 24 గంటలకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. అంతకంటే సన్నని దుమ్ము 60 దాటకూడదు. అమ్మోనియా 400 దాటకూడదు. ఈ హద్దుల్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009 నవంబరు 18న ప్రకటించింది.

గ్యాసును కొలిచే పద్ధతి వేరు. గాలిని గాజు సీసాలోని మందు నీళ్ళలో బుడగలుగా పోనిస్తారు. గ్యాసు ఆ నీళ్ళలో ఆగిపోతుంది. సీసాను లాబొరేటరీకి తీసుకుపోయి ఇంకో మందు కలుపుతారు. నీళ్ళు నీలంగా మారతాయి. తెల్లబట్టలకు నీలిమందు పెట్టేటప్పుడు చూస్తాం కదా! మందు ఎక్కువైతే రంగు ముదురుతుంది. ఇదీ అంతే. రంగు ఎంత ముదిరితే గ్యాసు అంత ఎక్కువ.

ఒక్క రోజు కొలిస్తే చాలదు. వారానికి రెండు రోజులు, ఒక్కో రోజు 24 గంటలు కొలవాలి. ఏడాదికి కనీసం 104 సార్లు కొలిచి సగటు కట్టాలి. ఒక్కరోజు వండిన కూర రుచి చూసి ఏడాది వంట ఎలా ఉందో చెప్పలేం కదా!

12 పేర్ల జాబితా

ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. నిదానంగా చదవండి.

2009 జాబితాలో 12 పేర్లున్నాయి. రెండు రకాల దుమ్ము ఉంది. సీసం ఉంది. అమ్మోనియా ఉంది. సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్, కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, బెంజోపైరీన్, ఆర్సెనిక్, నికెల్ ఉన్నాయి.

హైడ్రోజన్ సల్ఫైడ్ పేరు లేదు. క్రోమియం పేరు కూడా లేదు.

అంటే ఏమిటి? ఊళ్ళో కోడిగుడ్డు కంపు భరించలేకుండా ఉండవచ్చు. పెట్టె మాత్రం "గాలి బాగుంది" అని చెప్పవచ్చు. పెట్టె అబద్ధం చెప్పలేదు. దానికి అప్పగించిన వాటినే కొలిచింది. అప్పగించని దాన్ని కొలవలేదు.

అందుకే "గాలి కొలిచారా?" అని అడిగితే చాలదు. "ఏమేమి కొలిచారు? హైడ్రోజన్ సల్ఫైడ్ కొలిచారా? దుమ్ములో క్రోమియం చూశారా?" అని పేరుపెట్టి అడగాలి.

హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు ఉంది. 24 గంటల సగటు 150 మైక్రోగ్రాములు దాటకూడదు. కంపుతో జనం ఇబ్బంది పడకుండా ఉండాలంటే అరగంట సగటు 7 దాటకూడదు. కాబట్టి "దానికి లెక్క లేదు" అనే మాట నిలవదు.

ఎక్కడ, ఎప్పుడు కొలవాలి?

గాలి దారి గురించి వేటకు వెళ్ళే ఇళ్ళవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. పగలు గాలి సముద్రం మీద నుంచి ఊరి వైపు వీస్తుంది. రాత్రి, తెల్లవారుజామున నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది.

ఫ్యాక్టరీ ఊరికి పడమట ఉందనుకోండి. ఊరు సముద్రం పక్కన తూర్పున ఉంది. పగలు కంపు లోపలి పొలాల మీదికి పోతుంది. ఊరికి రాదు. రాత్రి గాలి తిరుగుతుంది. కంపు ఊరి మీదికి వస్తుంది. పైగా చల్లని రాత్రి గాలి కదలదు. పొగ పైకి పోకుండా కిందనే పరుచుకుంటుంది.

మధ్యాహ్నం కాసేపు వచ్చి కొలిచి వెళ్తే ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు. పెట్టె గాలి వాలున ఉండాలి. రాత్రి కూడా నడవాలి. బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి దగ్గర కొలవాలి.

ఇంకొకటి. ఫ్యాక్టరీ రాక ముందే ఊరి గాలి కొలిచి ఉంచాలి. పెళ్ళికి ముందు అమ్మాయి ఎంత బరువుందో తెలియకపోతే, అత్తింట్లో చిక్కిందో లేదో ఎలా చెబుతాం? గాలి కూడా అంతే. ముందు లెక్క లేకపోతే తరువాత చెడిందని చూపించలేం.

లెక్క రాసినవాళ్ళ మాట నిలిచింది

తమిళనాడులో తోళ్ళ ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. ఆంబూరు, వాణియంబాడి, రాణీపేట పేర్లు చాలామంది వినే ఉంటారు. అవి పాలారు నది దారిలో ఉన్నాయి. పాలారు కర్ణాటకలో పుట్టి, చిత్తూరు జిల్లా మీదుగా తమిళనాడుకు పోతుంది. తోళ్ళ ఫ్యాక్టరీల మురుగు ఆ నదిని, బావుల్ని పాడుచేసింది.

వేలూరు పౌరుల సంఘం ఒకటి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. పాడుచేసినవాళ్ళే నష్టం కట్టాలని కోర్టు చెప్పింది. ఒక్కో ఫ్యాక్టరీకి 10,000 రూపాయల జరిమానా వేసింది.

ఆ తీర్పులో ఒక లెక్క ఉంది. దిండిగల్ వైపు 13 ఊళ్ళలో ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు బావుల్ని లెక్కపెట్టారు. తాగడానికీ సాగుకీ వాడే బావులు 467. వాటిలో 350 పాడయ్యాయని తేలింది. "బావులన్నీ పాడైపోయాయి" అని ఊరికే అనలేదు. 467లో 350 అన్నారు. ఆ అంకెలు సుప్రీంకోర్టు తీర్పులోకి ఎక్కాయి.

అది నీటి సంగతి. నీటిని బిందెలో పట్టి చూపవచ్చు. గాలిని ఎలా చూపాలి?

తమిళనాడులోనే కడలూరు అనే ఊరుంది. అదీ సముద్రపు తీరమే. అక్కడ తోళ్ళు కాదు, రసాయనాల ఫ్యాక్టరీలు ఉన్నాయి. పక్క ఊళ్ళవాళ్ళు 2004 నుంచి కంపు లెక్క రాయడం నేర్చుకున్నారు. ఏ రోజు, ఏ వేళ, ఎలాంటి వాసన అని రాశారు. మూతపెట్టిన ప్లాస్టిక్ బకెట్టులో ప్రత్యేకమైన సంచి అమర్చి, దానిలోకి గాలిని పట్టారు. లాబొరేటరీకి పంపారు. ఆ గాలిలో 20కి పైగా విష రసాయనాలు బయటపడ్డాయి. పెద్ద చదువులు చదివినవాళ్ళు కాదు. వాసన వచ్చిన వేళకు ఊళ్ళో ఉన్నవాళ్ళు. అదే వాళ్ళ బలం.

వాసన పుస్తకం

ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను చాలు. సంఘంలో ఒకరి ఇంట్లో ఉంచండి. ఇలా రాయండి.

తేదీ: జనవరి 12.
వేళ: రాత్రి 11 గంటల నుంచి 1 గంట వరకు.
వాసన: కుళ్ళిన గుడ్డు.
గాలి: పడమటి వైపు నుంచి.
ఎవరికి ఏమయింది: ఇద్దరు పిల్లలకు దగ్గు. ఒకామెకు వాంతి.
రాసినవారి సంతకం.

వాసన రాని రోజు "వాసన లేదు" అని రాయాలి. అలా రాస్తేనే పుస్తకాన్ని నమ్ముతారు. ఎక్కువ చేసి రాయకూడదు. తరువాత గుర్తుచేసుకుని రాయకూడదు. అప్పటికప్పుడే రాయాలి.

ముక్కు అలవాటు పడుతుందని చెప్పుకున్నాం కదా! అందుకే ఊరికి వచ్చిన చుట్టాల్ని కూడా అడగండి. పండక్కి వచ్చిన ఆడపిల్లను అడగండి. వాళ్ళ ముక్కు కొత్తది.

ఎవరిని అడగాలి?

తోళ్ళ పరిశ్రమను ప్రభుత్వం ఎర్ర జాబితాలో పెట్టింది. ఎక్కువ కాలుష్యం చేసే పరిశ్రమలు ఆ జాబితాలో ఉంటాయి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా ఫ్యాక్టరీ కట్టకూడదు. నడపకూడదు. ఏది ఎంత వదలవచ్చో ఆ అనుమతి పత్రంలోనే రాసి ఉంటుంది.

2006లో కేంద్ర ప్రభుత్వం ఒక ప్రకటన ఇచ్చింది. దాని ప్రకారం కొత్త తోళ్ళ ఫ్యాక్టరీకి పర్యావరణ అనుమతి కావాలి. దానికి ముందు ప్రజల అభిప్రాయం వినే సభ జరగాలి. ఆ సభ కలెక్టరు గానీ, వారి తరఫు అధికారి గానీ నడుపుతారు. 30 రోజుల ముందే పత్రికలో ప్రకటన వేయాలి. నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి. ఎవరైనా మాట్లాడవచ్చు. చెప్పినవన్నీ రాసుకోవాలి. అనుమతి పొందిన పారిశ్రామిక వాడల్లో పెట్టేవాటికి ఈ సభ ఉండకపోవచ్చు. అందుకే వాడ కట్టేటప్పుడే కనిపెట్టి ఉండాలి.

ఇదే సంతబొమ్మాళి మండలంలో కాకరాపల్లి ఉంది. అక్కడి తంపర భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టబోతే ప్రజలు వద్దన్నారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఊరి మాట ముందే వినిపించుకోవడం ఎంత అవసరమో ఈ ప్రాంతానికి తెలుసు.

సభకు వెళ్తే ఈ ప్రశ్నలు అడగండి. ఇప్పటి గాలిని ఎన్ని రోజులు కొలిచారు? ఎక్కడ కొలిచారు? ఫ్యాక్టరీ వచ్చాక ఏమేమి కొలుస్తారు? లెక్క పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో పెడతారా? సల్ఫైడ్ నీళ్ళూ యాసిడ్ నీళ్ళూ కలవకుండా వేరువేరు కాలవలు ఉన్నాయా?

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. కంపును తగ్గించే దారులు ఉన్నాయి. రెండు రకాల నీళ్ళూ కలవనివ్వకపోతే చాలా గ్యాసు అసలు పుట్టదు. సల్ఫైడ్ నీళ్ళలోకి గాలి కొట్టి దాని విషం తగ్గించవచ్చు. తొట్లకు మూతలు పెట్టవచ్చు. దుమ్మును సంచుల్లోకి లాగవచ్చు. సల్ఫైడ్ బదులు ఎంజైములతో వెంట్రుకలు తీసే పద్ధతులు కూడా ఉన్నాయి. చెన్నైలోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ ఇలాంటివి తయారు చేసింది. ఆ సంస్థ 1948 నుంచి ఉంది.

ఫ్యాక్టరీ నడుస్తుంటే కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టండి. వాసన పుస్తకంలోని పేజీల నకలు జతచేయండి. రసీదు తీసుకోండి. కొలతల లెక్క ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005లో వచ్చింది. కాగితం మీద రాసి ఇస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రుసుము 10 రూపాయలు. పేదరికపు గీత కింద ఉన్నవాళ్ళకు రుసుము లేదు.

"కంపు కొడతంది బాబూ" అంటే విని ఊరుకోవచ్చు. "గత నెలలో 17 రాత్రులు కంపు వచ్చింది, ఇదిగో లెక్క" అంటే జవాబు చెప్పక తప్పదు. అక్షరం, అంకె నేర్చుకున్నది ఇందుకే.

కొత్త మాటలు

లంద: తోళ్ళు నానబెట్టే తొట్టి.
ఊనడం: తోలు కుళ్ళకుండా మందులో ఊరబెట్టి గట్టిచేయడం.
మైక్రోగ్రాము: గ్రాములో పది లక్షలవ వంతు.
గాలి వాలు: గాలి వీచి పోయే వైపు.
అర్జీ: అధికారికి రాసి ఇచ్చే మనవి.

మాట్లాడుకోండి

1. కంపు ఉన్నట్టుండి తెలియకుండా పోతే ప్రమాదం పోయినట్టేనా? ఎందుకు?
2. మీ ఊరికి రాత్రి గాలి ఎటు నుంచి వస్తుంది? ఆ వైపు ఏమున్నాయి?
3. 12 పేర్ల జాబితాలో లేని రెండు పేర్లు ఏవి?
4. ఈ వారం మీ సంఘంలో వాసన పుస్తకం మొదలుపెట్టండి. మొదటి పేజీ ఈ రోజే రాయండి. వాసన లేకపోతే "వాసన లేదు" అని రాయండి. రేపటికి అదే ముందు లెక్క.